ప్రోటాను ధార, దానిలోని త్రోపుడు



భీమవరమునకు చేరువనున్న గొరగనమూడి గ్రామమున 1896 లో జన్మించిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగారు యౌవనమున ఇల్లు విడిచి హిమాలయములకేగి, స్వామి జ్ఞానానంద యను పేర యోగియై, తరువాత ఐరోపాకు పోయి భౌతికశాస్త్రము నభ్యసించిన వృత్తాంతము మన పశ్చిమగోదావరి పెద్దలలో పెక్కురు వినియే యుందురు. ప్రాగ్ నగరమున ఎక్స్ కిరణములను గూర్చియు, ఇంగ్లండునందలి లివర్‌పూల్‌లో న్యూట్రానును కనుగొనిన చాడ్విక్ పండితుని యొద్ద బీటా కిరణములను గూర్చియు ఆయన పరిశోధించెను. పాత్రలోని గాలిని తోడివేసి శూన్యమును సాధించు విద్యను గూర్చి 1947 లో 'హై వాక్యువా' అను పెద్ద గ్రంథమును ఆంగ్లమున ప్రకటించెను. స్వదేశమునకు మరలి వచ్చిన పిమ్మట ఆంధ్ర విశ్వకళాపరిషత్తున పరమాణుకేంద్రక పరిశోధనకు ఒక శాఖను నెలకొల్పి, 1969 లో పరమపదించెను. వాల్తేరునందలి ఆ ప్రయోగశాల ఆయన పేరనే యున్నది.

ఆయన పరిశీలించిన బీటా కిరణములనగా పరమాణు గర్భమునుండి వెలువడు ఎలక్ట్రానులు. అయస్కాంతము నడుమ అవి ఎంత వంగి పోవునో చూచి వాని వేగమును లెక్కింతురు. ఆ పనిలో ఒక సౌకర్యము కలదు. ఆ కణములు మిక్కిలి విరళముగా వచ్చును. పొలము గట్టుపై ఒంటరిగా నడచు మనుష్యుడు ఎప్పుడు ఎచ్చటికి చేరునో అతని నడకను బట్టి చెప్పవచ్చును గదా. ఒంటరి కణమును గూర్చి చెప్పుటయు అట్టిదే. కాగితము, కలము చాలును.

అదే మనుష్యుడు భీష్మైకాదశినాడు అంతర్వేది తీర్థములో చిక్కుకొన్నచో అతని నడక అతని చేతిలో నుండదు. ముందువాడు ఆగిన తాను ఆగును, ప్రక్కవాడు ఒరిగిన తాను ఒరుగును. నేడు నేను చెప్పబూనినది తీర్థములోని మనుష్యుని వంటి కణమును గూర్చి. కోట్లకొలది కణములు ఒక్క ధారగా పరుగెత్తునప్పుడు అవి తమలో తాము త్రోసుకొనును. శాస్త్రజ్ఞులు దీనిని 'స్పేస్ చార్జి' అందురు. నేను గుంపు త్రోపుడు అని చెప్పెదను.

మొదట కణము సంగతి. ఉదజని పరమాణువు నడుమ ధనావేశముగల ప్రోటాను ఒకటి, దాని చుట్టు ఋణావేశముగల ఎలక్ట్రాను ఒకటి యుండును. ఎలక్ట్రానును ఊడదీసిన మిగిలినది అయాను. ఉదజని విషయమున అది ప్రోటానే. భిన్నజాతి ఆవేశములు ఒకదానినొకటి ఆకర్షించును, సజాతి ఆవేశములు వికర్షించును. ఇంతవరకు బడిపిల్లలకును తెలియును. ప్రోటానులన్నియు ఒకే జాతివి. వానిని ఒక గొట్టములో గుంపుగా పంపదలచుట, ఒకరి ముఖము ఒకరు చూడనొల్లని దాయాదులను ఒక్క పడవలో నెక్కించి నది దాటింపబూనుట వంటిది.

మన యింటి కరెంటు తీగలోను ఎలక్ట్రానుల గుంపే ప్రవహించుచున్నది, ఆ తీగ యేల ఉబ్బి పగిలిపోదు అని మీరు ప్రశ్నింపవచ్చును. మంచి ప్రశ్న. తీగలోని రాగి పరమాణువులు ధనావేశముతో అక్కడనే కదలక నిలిచియుండి, ఎలక్ట్రానుల ఋణావేశమును సరిగా తూచినట్లు చెల్లు చేయును. అందుచేత మొత్తముమీద తీగలో ఆవేశమే లేనట్లుండును. శూన్యమైన గొట్టములో పోవు ప్రోటానులకు అట్టి మధ్యవర్తి లేడు.

ఈ త్రోపుడును మనవారు చూడకయే ఎరుగుదురు. విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1 న ప్రసారములు ప్రారంభించిన కాలమున, రేడియో పెట్టెలలో గాజు వాల్వులుండెడివి. పెట్టె తెరచి చూచినవారికి లోపల ఎర్రగా కాలుచున్న సన్నని తీగ జ్ఞప్తియందుండును. కాలిన తీగనుండి ఎలక్ట్రానులు పైకి లేచి దాని చుట్టు మబ్బువలె కమ్మును. ఎదుటనున్న పలకకు ధనావేశమిచ్చిన అవి అటు పరుగెత్తును. కాని అన్నియు పోజాలవు. ముందు లేచినవి వెనుకవానిని, మీరు రావలదు, చోటు లేదు అన్నట్లు, తీగమీదికే నెట్టివేయును. పలకపై వోల్టేజిని నాలుగు రెట్లు చేసిన ప్రవాహము నాలుగు రెట్లుగాక ఎనిమిది రెట్లగును. ఈ నియమమును మొదట 1911 లో అమెరికా దేశస్థుడైన చైల్డు కనుగొనెను. ఆయన ఆలోచించినది అయానులను గూర్చియే. 1913 లో లాంగ్‌మ్యూరు దానిని ఎలక్ట్రానులకు విస్తరింపజేసెను. ప్రోటాను ఎలక్ట్రానుకన్న 1836 రెట్లు బరువు. అందుచేత అదే వోల్టేజితో, అదే ఎడముతో, ఎలక్ట్రానుల ప్రవాహములో 43 వ వంతు మాత్రమే ప్రోటానులతో సాధ్యమగును. బరువైన వాడు మెల్లగా కదలును, మెల్లగా కదలువాడు దారి నడ్డగించును.

ఇక ఇట్టి కలహకారులైన కణములను గుంపుగా పంపవలసిన అగత్యమేమి? మన తీరపు ఇసుక సంగతి చెప్పవలెను. భావనపాడు, భీమునిపట్నము మొదలగు చోట్ల సముద్రతీరపు ఇసుకలో మోనజైటు అను ఖనిజపు గింజలున్నవి. దానిలో థోరియము కలదు. భారతదేశమున మోనజైటు నిల్వలు అన్ని రాష్ట్రములకంటె ఆంధ్రప్రదేశమునందే అధికము. థోరియము తనంత తాను మండు ఇంధనము కాదు. దానికి న్యూట్రాను నిచ్చిన, కొంతకాలమునకు యురేనియము 233 గా మారును, అది ఇంధనమునకు పనికివచ్చును. ఆ న్యూట్రానులను పుట్టించుటకు ఒక మార్గము, 100 కోట్ల ఎలక్ట్రాను వోల్టుల శక్తిగల ప్రోటానును సీసపు ముద్దపై కొట్టుట. ఒక్కొక్క దెబ్బకు ఇరువదికి పైగా న్యూట్రానులు వెలువడును. విద్యుదుత్పత్తికి చాలునంత కావలెనన్న ప్రోటాను ధార మిక్కిలి దట్టముగా నుండవలెను. అట్టి కర్మాగారము మన దేశమున ఇంకను నిర్మింపబడలేదు. దానికి తొలిమెట్టుగా ముంబయి చేరువ ట్రాంబేలోని భాభా అణుపరిశోధన కేంద్రమున 'లెహిపా' అను యంత్రమును నిర్మించిరి. ప్రోటానులు 50 వేల ఎలక్ట్రాను వోల్టులతో బయలుదేరి, మొదటి యంత్రములో 30 లక్షలకును, రెండవ దానిలో 2 కోట్లకును చేరవలెనని దాని ఏర్పాటు. ధారలోని ప్రవాహము 30 మిల్లీ ఆంపియర్లుండవలెనని సంకల్పము.

30 మిల్లీ ఆంపియర్లనగా ఎంత? మన యింటిలో వెలుగు 9 వాట్ల చిన్న బల్బునకు పట్టు విద్యుత్తుకంటెను తక్కువ. ఇంతదానికి ఇంత భయమేల యని తోచును. లెక్క వేసి చూతము. 50 వేల ఎలక్ట్రాను వోల్టులతో ప్రోటాను సెకనుకు సుమారు 3,100 కిలోమీటర్లు పోవును. మన దేశపు ఉత్తర దక్షిణముల నిడివిని ఒక్క సెకనులో దాదాపు దాటినట్లే. ఆ వేగమున పోవుచు 30 మిల్లీ ఆంపియర్లు కావలెనన్న, ధారలో ప్రతి అంగుళము పొడవునందు సుమారు 150 కోట్ల ప్రోటానులుండును. మన దేశ జనాభాయంత ఒక్క అంగుళములో! అయినను, ధార ఒక సెంటీమీటరు వ్యాసార్ధము కలదైనచో, మనము పీల్చు గాలికన్న ఆ గుంపు పదివేల కోట్ల రెట్లకు పైగా పలుచనిది. అంత పలుచని గుంపు తన్ను తాను ఏమి చేసికొనునో చూడుడు. సమాంతరముగా బయలుదేరిన ఆ ధార, ఎవరును అడ్డుపడనిచో, 36 సెంటీమీటర్లు పోవునప్పటికి రెండింతలు లావగును. మూరెడు దూరము కూడ కాలేదు. అంతలోనే ఇట్లు ఉబ్బిన ధార మీటర్లకొలది సన్నని గొట్టములో గోడలకు తగులక పోవుట ఎట్లు?

ఇచ్చట వేగము మనకు చుట్టము. ఎట్లనగా, ధారలోని ప్రోటానులు వేగముగా పోయినకొలది వాని నడుమ ఎడము పెరుగును, అనగా నెట్టువారి సంఖ్య తగ్గును. ఇది ఒక లాభము. వేగముగా పోవువాడు మీటరు దూరమును తక్కువ కాలములో దాటును. నెట్టుడువలన ప్రక్కకు జరుగుట కాలముయొక్క వర్గమును బట్టి యుండునని మీ పిల్లలు బడిలో చదివియుందురు. కావున ఇది రెండు లాభములు. మొత్తము మూడు. వేగము రెట్టింపైన గుంపు త్రోపుడు ఫలము ఎనిమిదవ వంతగును. 50 వేలనుండి 30 లక్షల ఎలక్ట్రాను వోల్టులకు చేరునప్పటికి వేగము సుమారు ఏడున్నర రెట్లకు పైగా పెరుగును. త్రోపుడు ఫలము 460 వ వంతునకు తగ్గును. మూరెడులోపల ఉబ్బిన ఆ ధారయే ఇప్పుడు రెండింతలగుటకు ఎనిమిది మీటర్లు పట్టును.

ఇంకొక చిత్రము కలదు. ఒకే దిక్కునకు పోవు రెండు విద్యుత్ప్రవాహములు అయస్కాంత శక్తిచే ఒకదానినొకటి ఆకర్షించునని ఫ్రాన్సు దేశపు ఆంపియరు పండితుడు రెండువందల యేండ్లకు పూర్వమే చూపెను. ధారలోని ప్రోటానులకును ఈ ఆకర్షణ కలదు. కాంతివేగమునకు సమీపించినకొలది ఈ ఆకర్షణ పెరిగి వికర్షణను చెల్లుచేయుచు వచ్చును. కాని 50 వేల ఎలక్ట్రాను వోల్టుల యొద్ద వేగము కాంతివేగములో నూరవ వంతే కావున, ఆకర్షణ వికర్షణలో పదివేలవ వంతు మాత్రమే. కష్టమంతయు మొదటి అడుగులలోనే యున్నదని దీనివలన తేటపడును. పసిబిడ్డకు వచ్చు గండములన్నియు తొలి యేటనే వచ్చినట్లు.

ధారను కట్టుబాటులో నుంచుటకు అయస్కాంతములను గట్లుగా వాడుదురు. గోదావరి గట్టు నీటిని రెండు ప్రక్కల నుండియు నిలుపును. ఈ గట్టు అట్టిది కాదు. నాలుగు ధ్రువములుగల అయస్కాంతము ధారను కుడియెడమలనుండి నొక్కునప్పుడు క్రిందుమీదులకు సాగదీయును. పిండిముద్దను ప్రక్కలనుండి నొక్కిన పైకి ఉబికినట్లు. అయితే దాని తరువాత మరియొక అయస్కాంతమును అడ్డముగా త్రిప్పి యుంచిన, అది క్రిందుమీదుల నొక్కి కుడియెడమల సాగదీయును. ఒకటి కట్టినదానిని ఇంకొకటి విప్పునట్లు కానవచ్చినను, మొత్తముమీద నొక్కుడే గెలుచును. ఏలయనగా, సాగదీయబడు చోటికి వచ్చునప్పటికి కణములు నడిమి గీతకు దగ్గరగా చేరియుండును, అచ్చట ఈ అయస్కాంతముల బలము తక్కువ. 1952 లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో ఈ ఉపాయమును ప్రకటించిరి. వారికి ముందే గ్రీసు దేశస్థుడగు క్రిస్టోఫిలోసు అను ఇంజనీరు ఎవరి తోడ్పాటును లేక స్వయముగా దానిని ఊహించెను.

ప్రోటానులు మందముగా నడచు తొలిభాగమున ఈ అయస్కాంతముల బలము చాలదు, అయస్కాంత శక్తి కణముయొక్క వేగమును బట్టి యుండును గదా. అందుచేత 1970 లో సోవియట్ దేశపు కాప్‌చిన్‌స్కీ, టెప్ల్యకోవ్ అను వారు అయస్కాంతమునకు మారుగా విద్యుద్బలముతోనే నొక్కు యంత్రమును కల్పించిరి. నాలుగు లోహపు పలకలు, వాని అంచులు అలలవలె చెక్కబడియుండును. ట్రాంబేలో వానిపై విద్యుత్తు సెకనుకు 35 కోట్ల మారులు అటునిటు ఊగుచుండును. అవి ధారను నొక్కుచు, గుత్తులు గుత్తులుగా విడదీయుచు, ముందుకు త్రోయును. అనుకున్న ప్రవాహము నిండుగా నున్నప్పుడు ఒక్కొక్క గుత్తిలో సుమారు 50 కోట్ల ప్రోటానులుండును. గుత్తి కట్టిన త్రోపుడు మరింత పెరుగును. ఒక చిక్కు విప్పబోయి ఇంకొక చిక్కు తెచ్చుకొనుట ఈ శాస్త్రములో సాధారణము.

ఇంత యంత్రమును కోట్ల రూపాయలతో కట్టకముందే, ధార దానిలో ఎట్లు నడచునో లెక్కవేసి చూచుకొనవలెను. నాకీ విషయమున అభిరుచి కలిగించినది ఆ లెక్కయే. తర్కము చదువుకొన్న వారికి అన్యోన్యాశ్రయ దోషము తెలియును. రాముడెవరనిన కృష్ణుని అన్న, కృష్ణుడెవరనిన రాముని తమ్ముడు అని చెప్పిన, ఇద్దరును తెలియరు. ఇచ్చట సరిగా అదే చిక్కు. ప్రోటాను ఎటు పోవునో తెలియవలెనన్న దానిపై బలమెంతో తెలియవలెను. బలమెంతో తెలియవలెనన్న తక్కిన ప్రోటానులెల్ల ఎచ్చట నున్నవో తెలియవలెను. అవి ఎచ్చట నున్నవో తెలియవలెనన్న వానిపై బలమెంతో తెలియవలెను. వాదములో ఇది దోషము. భౌతికశాస్త్రజ్ఞులు బీజాంకుర న్యాయమున దీనిని దాటుదురు. విత్తునుండి మొలక, మొలకనుండి విత్తు. ఈ క్షణమున ప్రోటానులున్న చోట్లను బట్టి బలమును కట్టి, ఆ బలముతో వానిని ఒక అణుమాత్రము ముందుకు జరిపి, క్రొత్త చోట్లనుబట్టి మరల బలమును కట్టి, మరల జరుపుదురు. అడుగు చిన్నదైనకొలది లెక్క సత్యమునకు దగ్గరగును.

కంప్యూటర్లు బలహీనముగా నున్న కాలమున దీనికొక సులభమార్గము త్రొక్కిరి. 1959 లో కాప్‌చిన్‌స్కీ, వ్లదిమీర్‌స్కీ అనువారు, ధార అడ్డుకోతలో అంతటను సమానముగా దట్టముగా నున్నదని భావించినచో త్రోపుడు నడిమినుండి దూరమును బట్టి సరిసమానముగా పెరుగునని చూపిరి. అప్పుడు ఒక్కొక్క కణమును తలచుకొన పనిలేదు, ధార అంచు ఎట్లు ఉబ్బి తగ్గునో చెప్పు సమీకరణములు రెండు చాలును. ఈనాటికిని యంత్రమునకు మొదటి కొలతలు గీయువారు వానితోనే ప్రారంభింతురు. మూరెడులో రెండింతలగునని నేను పైన చెప్పిన లెక్కయు ఆ జాతిదే. కాని నిజమైన ధార అంత బుద్ధిమంతురాలు కాదు. నడుమ దట్టముగా, అంచున పలుచగా నుండును.

నిజమైన ధారకు వేరు లెక్క కావలెను. 50 కోట్ల ప్రోటానులలో ప్రతి జతకును బలము కట్టవలెనన్న, ఒక్క అడుగునకే 1,250 కోట్ల కోట్లకు చేరువ గుణకారములగును. అది అసాధ్యము. అప్పుడు వారు చేయునది మన పాత కరణముగారి పద్ధతియే. (కరణిక పదవులు 1984 లో రద్దయినవి. అయినను అడంగలు లెక్క జ్ఞప్తియందున్న పెద్దలు ఈ మాటను సులభముగా గ్రహింతురు.) ఊరికి నీరెంత కావలెనో చెప్పుటకు కరణము ప్రతి వరిదుబ్బును లెక్కింపడు. ఊరిని సర్వే నంబర్లుగా విభజించి, ఏ నంబరులో ఎంత సాగో వ్రాసికొనును. అట్లే ధారయున్న చోటునంతయు గడులుగా విభజింతురు. వేలకొలది ప్రోటానులకు ప్రతినిధిగా ఒక పెద్ద కణమును కల్పించి, అట్టి లక్ష ప్రతినిధులను, లేదా పదిలక్షలను, గడులలో నిలుపుదురు. ఏ గడిలో ఎంత ఆవేశమున్నదో కూడి, దానినుండి ప్రతి గడికిని బలమెంతో కట్టి, ఆ బలముతో ప్రతినిధులను జరుపుదురు. ఇట్లు యంత్రము మొదటినుండి చివరివరకు వేలకొలది అడుగులు. జతజతకును కట్టు లెక్క పోయి, ఊరి పద్దు నిలిచినది.

ఇది స్థాలీపులాక న్యాయము. కుండలో ఒక మెతుకును పట్టి చూచి అన్నమంతయు ఉడికినదని చెప్పుట. అన్నమునకు ఇది చాలును. ఈ ధారకు కొంతవరకే చాలును. ఏలనో వినుడు.

ధార తనకు తగిన కొలతలో యంత్రమును ప్రవేశింపనిచో, ఊపిరి పీల్చి విడుచునట్లు అది ఉబ్బుచు తగ్గుచు పోవును. ఉయ్యెలలో నిలుచున్న పిల్ల తగిన అదనున వంగుచు లేచుచు ఊపు పెంచుకొనునట్లు, ధార ఊపిరితో సరిగా అదను కుదిరిన ఏ కొద్ది ప్రోటానులో ప్రతిమారును కొంత శక్తిని పుచ్చుకొని, నడిమి గుంపును విడిచి దూరముగా తిరుగును. చంద్రుని చుట్టు పరివేషమువలె ధార చుట్టు ఒక పలుచని వలయము ఏర్పడును. 1990 దశకమున దీని తత్త్వము బాగుగా తెలియవచ్చినది. ఆ వలయములోనివి గోడకు తగులును. తగిలిన ఏమగును? తక్కువ శక్తియొద్ద పెద్ద హాని లేదు. 100 కోట్ల ఎలక్ట్రాను వోల్టుల ప్రోటాను తగిలినచో గోడలోని లోహపు పరమాణువులు బ్రద్దలై, ఆ లోహమే కిరణములు వెడలగ్రక్కు పదార్థమగును. యంత్రము నాపినను అది చల్లారదు. మరమ్మతునకు వచ్చిన పనివాడు దాని ప్రక్క నిలువరాదు. పనివారు చేతితో ముట్టి బాగుచేయ వీలగుటకు, మీటరు పొడవునకు ఒక వాటుకు మించి ధార నష్టపోరాదని ఈ యంత్రములు కట్టువారు లోకమంతట హద్దు పెట్టుకొనిరి. థోరియమును మండించుటకు తలపెట్టు ధార సుమారు కోటి వాట్లది. అనగా మీటరుకు కోటికి ఒక్కటి! పదిలక్షల ప్రతినిధులను నడపిన లెక్కలో కోటికొక్కటి కనబడునా? మెతుకు పట్టి చూచినవాడు కుండలో ఎచ్చటనో దాగిన ఒక్క రాతిని ఎట్లు చెప్పగలడు?

నేటి మహా కంప్యూటర్లపై గుత్తిలోని ప్రతి ప్రోటానునకును ఒక పద్దు చొప్పున నడుపుటయు సాధ్యమైనది. అంతటితో చిక్కు తీరినదా యనిన, తీరలేదు. చిక్కు చోటు మారినది. ఎంత నేర్పరియైన కరణము వ్రాసినను ప్రారంభపు నిల్వ తప్పుగా వేసిన, చివరి పుటవరకు కూడికలు సరిగానే యుండును, లెక్కమాత్రము తప్పు. ప్రోటానులు పుట్టుచోటనుండి వెలువడునప్పుడు ఏ కణము ఎచ్చట, ఏ వైపు ఒరిగి యున్నదో అదే ప్రారంభపు నిల్వ. దానిని ఊహింపరాదు, కొలువవలెను. సన్నని చీలికగల పలకను ధారకు అడ్డముగా జరుపుచు, చీలికనుండి దూరివచ్చిన కొద్ది ప్రోటానులు ఎటు ఒరిగినవో వెనుకనున్న కొలతగాడు పట్టుకొనును. అంచుననున్న పలుచని భాగమును కొలుచుటయే అన్నిటికన్న కష్టము, పనికివచ్చునదియు అదే.

తొలిభాగములో ఇంకొక దొంగ పద్దు కలదు. నాకు మిక్కిలి ముచ్చటగా తోచినది ఇదియే. యంత్రపు గొట్టములో ఎంత తోడినను కొంత గాలి మిగులును, ఉదజని జనకయంత్రమునుండి కొంత వాయువు కారును. ప్రోటానులు ఆ వాయు పరమాణువులను తాకి ఎలక్ట్రానులను ఊడగొట్టును. ధార ధనావేశము కలది కావున ఆ ఎలక్ట్రానులు దానిలోనే చిక్కుకొనును, మిగిలిన వాయు అయానులు గోడకు నెట్టబడును. క్రమముగా ధార నిండ ఎలక్ట్రానులు చేరి, రాగితీగలోవలె త్రోపుడును చెల్లు చేయును. శూన్యమును సాధించుటకై మన గొరగనమూడి స్వామివారు గ్రంథము వ్రాసిరి గదా. సాధారణముగా ఈ యంత్రములందు అట్టి శూన్యమే ప్రాణము. ఈ ఒక్కచోట మాత్రము శూన్యములోని లోపము ఉపకారి. అది మితిమీరినను ప్రమాదమే. ప్రోటాను వాయువునుండి ఎలక్ట్రానును లాగికొని ఆవేశము లేనిదై, అయస్కాంతములకు లొంగక ఎటో పోవును.

ఈ చెల్లు ఎంతవరకు జరుగునో లెక్కగట్టుట కష్టము. నూటికి 90 వంతులు చెల్లైనదనుకొందము, 10 వంతుల త్రోపుడు మిగిలినది. 95 అనుకొందము, మిగిలినది 5. చెల్లులో స్వల్ప భేదమే, మిగిలిన త్రోపుడు మాత్రము సగమైనది. అయస్కాంతముల బలమును దీనినిబట్టియే ఏర్పరుపవలెను. మరియు ఎలక్ట్రానులు చేరుటకు కొంత సమయము పట్టును, మైక్రోసెకనులు పదులకొలది. (మైక్రోసెకను సెకనులో పదిలక్షవ వంతు.) ధారను విడతలుగా పంపినప్పుడు ప్రతి విడతలోను ముందు పోవు ప్రోటానులకు ఎలక్ట్రానుల తోడు లేదు, వెనుకవానికి కలదు. ముందుది ఉబ్బి, వెనుకది సన్నముగా వచ్చును. ఒకే అయస్కాంతము ఇద్దరికిని సరిపోవలెను. అటుపై అలల పలకల యంత్రములో అడుగిడగానే అచ్చటి విద్యుద్బలము ఎలక్ట్రానులను ఊడ్చివేయును. చెల్లంతయు ఒక్కసారిగా పోయి పూర్తి త్రోపుడు మరల మీద పడును. ఆ ద్వారమున ధార సరియైన కొలతలో నుండుటకై ట్రాంబేలో తీగచుట్ట అయస్కాంతములు రెంటిని అమర్చిరి. రెంటి బలమును కొద్దికొద్దిగా మార్చుచు, లెక్కలో చూపిన కొలతకును పలక చీలికలో కనబడిన కొలతకును పొత్తు కుదురువరకు శ్రమింతురు. పొత్తు కుదరనిచో సాధారణముగా తప్పు ఎలక్ట్రానుల చెల్లును ఊహించుటలోనే దొరకును.

2023 లో ట్రాంబే యంత్రము ప్రోటానులను 2 కోట్ల ఎలక్ట్రాను వోల్టులకు చేర్చినది. 100 కోట్లకు పోవలెనన్న ఇంకను ఏబది రెట్లు పెంచవలెను. పొడవును, వ్యయమును ఆ భాగమునకే ఎక్కువ. గోడకు తగిలిన ప్రోటాను హాని చేయుటయు అచ్చటనే ఎక్కువ. అయినను ఆ హానిచేయు వలయమునకు విత్తు పడునది మిక్కిలి తరచుగా ఇచ్చటనే, ప్రోటానులు ఇంకను మెల్లగా నడచు మొదటి కొన్ని మీటర్లలో. అందుచేత ఈ చిన్న యంత్రముమీద కొలిచిన కొలతలనే ముందు కట్టబోవు పెద్ద యంత్రపు లెక్కకు ప్రారంభపు నిల్వగా వేసికొందురు.